ఓట్లు లేని ఊళ్లకు వెళ్లిన మనిషి

(జిల్లా గ్రంథాలయంలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జీవితంపై చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం.

కార్టర్ గురించి మాట్లాడమని గ్రంథాలయం వారు ఫోను చేసినప్పుడు నాకు మొదట మా నాయనమ్మ కుడికాలు గుర్తొచ్చింది. మాది కర్నూలు జిల్లాలో మెట్ట ఊరు. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆమె చీలమండకు పైన నారి కురుపు లేచింది. ముందు ఒక బొబ్బ, దానితో పాటు నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ చితికాక తెల్లటి దారం కొసలాంటిది బయటికి వచ్చింది. మా తాత చీపురుపుల్ల తుంచి, ఆ కొసను పుల్లకు ఒక చుట్టు చుట్టి, పైన తడిగుడ్డ కట్టాడు. మర్నాడు ఇంకో చుట్టు. రోజుకు అంగుళం, మహా అయితే రెండంగుళాలు. తొందరపడి లాగితే పురుగు తెగుతుంది, తెగితే లోపలే కుళ్లి కాలంతా చీము పడుతుంది. పిల్లలం మంచం దగ్గరికి పోతే పుల్లకు తగులుతామని పెద్దవాళ్లు కసురుకునేవారు. వేరుశనగ చేలో కలుపు తీయాల్సిన రోజుల్లో ఆమె నాలుగు వారాలు నులకమంచం మీదే ఉండిపోయింది. ఆ ఏడు మా చేను సగం గడ్డికే పోయింది.

ఇక్కడున్న పిల్లల్లో నారి కురుపు అనే మాట విన్నవాళ్లు చేయెత్తండి అంటే ఒక్క చేయి కూడా లేవదు. నాకు అది చాలా సంతోషం. మీకోసం నాలుగు మాటల్లో చెబుతాను. దిగుడుబావిలో మెట్లు దిగి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకునే రోజులవి. ఆ నీళ్లలో కంటికి ఆనని చిన్న నీటిపురుగులు ఉంటాయి. వాటి కడుపులో ఈ నారిపురుగు పిల్లలు ఉంటాయి. ఆ నీళ్లు వడగట్టకుండా తాగితే అవి మన ఒంట్లోకి చేరతాయి. ఏడాది పాటు ఏమీ తెలియదు. లోపల ఆడపురుగు సుమారు మీటరు పొడవు పెరిగి, ఏ కాలి దగ్గరో చర్మాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెడతాడు. అదే అదనుగా ఆ పురుగు వేలకు వేల పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. మళ్లీ అదే బావి, అవే బిందెలు. దీనికి మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చిపోయిందని మళ్లీ రాదన్న హామీ కూడా లేదు.

మన దేశంలో దీన్ని రూపుమాపింది కార్టర్ అని నేను అనను. 1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వమే నారి కురుపు నిర్మూలన కార్యక్రమం పెట్టింది. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, బోరింగులు వేశారు, బావుల్లో మందు కలిపారు, నీళ్లు గుడ్డతో వడగట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. మా ఊరికి సైకిలు మీద వచ్చిన ఆరోగ్య కార్యకర్త పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆఖరి కేసు 1996లో రాజస్థాన్‌లో కనిపించింది. 2000లో మన దేశానికి నారి కురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ గౌరవం మన కార్యకర్తలదే. అయితే మన దగ్గర జరిగిన ఈ పనిని భూమి మీద ఈ పురుగు ఉన్న ప్రతి ఊళ్లోనూ జరిపించాలని పట్టుబట్టి, జీవితంలో చివరి దాదాపు నలభై ఏళ్లు దాని వెంట పడ్డ మనిషి ఒకరున్నారు. ఆయన అమెరికా మాజీ అధ్యక్షుడు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం పాఠం చెప్పిన నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటివరకు నా పాఠంలో కార్టర్ అంటే క్యాంప్ డేవిడ్ ఒప్పందం, ఇరాన్ బందీలు, అంతే.

ఆయన 1924 అక్టోబర్ 1న జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పెరిగింది దానికి కొద్ది దూరంలోని ఆర్చరీ అనే పల్లెలో. తండ్రిది వ్యవసాయం, అంగడి. ముఖ్యమైన పంట ఏమిటో తెలుసా? వేరుశనగ. అయిదారేళ్ల వయసుకే ఉడకబెట్టిన వేరుశనగకాయలు పొట్లాలు కట్టి ప్లెయిన్స్ వీధుల్లో అమ్మేవారు. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. నీళ్లు బావి నుంచి తోడుకోవలసిందే. అమెరికా అధ్యక్షుడి బాల్యం మన మెట్ట ఊళ్లకు ఇంత దగ్గరగా ఉంటుందని నేను అనుకోలేదు. చుట్టుపక్కల కుటుంబాలు ఎక్కువగా నల్లజాతి వారివి, ఆటకూ పాటకూ తోడు వాళ్ల పిల్లలే. తండ్రి జాతుల మధ్య గోడ ఉండాలని నమ్మిన మనిషి. తల్లి లిలియన్ నర్సు. ఆమె నల్లవాళ్ల ఇళ్లకూ వెళ్లి వైద్యం చేసేది, ఎవరేమన్నా లెక్కచేసేది కాదు.

ఈ తల్లి గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1966లో, 68 ఏళ్ల వయసులో, ఆమె అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా దళమైన పీస్ కోర్‌లో చేరి మన దేశానికి వచ్చింది. బొంబాయి పక్కన విఖ్రోలీలో దాదాపు రెండేళ్లు పేదల మధ్య నర్సుగా పనిచేసింది. కుష్ఠు రోగులను ముట్టుకోవడానికి మొదట జంకి, తర్వాత ఆ జంకును తానే గెలిచింది. డెబ్బయ్యో పుట్టినరోజు ఇక్కడే జరిగింది. మనవళ్లతో కాలక్షేపం చేయవలసిన వయసులో కాని దేశం వచ్చి పుండ్లు కడిగిన తల్లి కడుపున పుట్టాడాయన. తర్వాతి కథంతా నాకు ఆ వెలుగులోనే కనిపిస్తుంది.

కార్టర్ నౌకాదళ అకాడమీలో చదివి 1946లో బయటికి వచ్చారు. ఆ ఏడాదే తమ ఊరి పిల్ల రోజలిన్‌ను పెళ్లాడారు. ఆ కాపురం 77 ఏళ్లు నడిచింది. అణు జలాంతర్గాముల విభాగంలో ఉండగా, 1952లో కెనడాలోని చాక్ రివర్ అణు రియాక్టరులో ప్రమాదం జరిగింది. దాన్ని విప్పడానికి వెళ్లిన అమెరికా బృందానికి 28 ఏళ్ల కార్టర్ నాయకుడు. రేడియేషన్ వల్ల మనిషి లోపల తొంభై సెకన్లు ఉంటేనే ఎక్కువ. అందుకని పక్కనే ఉన్న టెన్నిస్ కోర్టులో రియాక్టరు నమూనా కట్టుకుని, ఏ బోల్టు ఎవరు ఎటు తిప్పాలో సాధన చేసి, ఒక్కొక్కరుగా దిగి విప్పుకుంటూ వచ్చారు. మరుసటి ఏడు తండ్రి క్లోమ కేన్సరుతో పోయారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఊరికి తిరిగొచ్చారు. మొదటి సంవత్సరం కరువు. లాభం రెండు వందల డాలర్లు కూడా రాలేదు. సర్కారు కట్టిన పేదల ఇంట్లో అద్దెకున్నారు.

రాజకీయాల్లో తొలి మెట్లను త్వరగా దాటేస్తాను. 1962లో రాష్ట్ర సెనేట్, 1966లో గవర్నర్ పోటీలో ఓటమి, 1970లో గెలుపు. ఈ గెలుపులో ఒక మచ్చ ఉంది. జాతి వివక్ష కావాలనుకునే ఓటర్లను మచ్చిక చేసుకునేలా ఆయన ఆ ప్రచారం నడిపారు. కానీ 1971 జనవరిలో ప్రమాణ స్వీకారం చేస్తూ, జాతి వివక్ష కాలం ముగిసిందని అదే జనం ఎదుట చెప్పారు. తర్వాత రాష్ట్ర రాజధాని భవనంలో మార్టిన్ లూథర్ కింగ్ చిత్రపటం పెట్టించారు. 1976లో జెరాల్డ్ ఫోర్డ్‌ను ఓడించి 39వ అధ్యక్షుడయ్యారు. ప్రమాణం చేసిన రోజున కారు దిగి, భార్య చేయి పట్టుకుని వైట్‌హౌస్ దాకా నడిచే వెళ్లారు.

ఆయన గురించి అందరూ అనే ఒక మాట ఉంది: అధ్యక్షుడిగా విఫలుడు, మాజీగా మహానుభావుడు. నేను దీన్ని ఒప్పుకోను. ఒకే మనిషిని రెండు ముక్కలు చేసి, ఒకటి పారేసి ఒకటి పూజించడం సరికాదు. వైట్‌హౌస్‌లో ఆయన్ను దెబ్బతీసిన గుణమూ, తర్వాత ఆఫ్రికా పల్లెల్లో ఆయనను నిలబెట్టిన గుణమూ ఒకటే. ఒక పని చేయాలని తోస్తే, దానివల్ల తనకు నాలుగు ఓట్లు వస్తాయా అన్న లెక్క ఆయనకు చివరన గుర్తొచ్చేది. ఒక్కోసారి అసలు గుర్తొచ్చేదే కాదు.

పనామా కాలువ సంగతి చూడండి. దాన్ని పనామాకు తిరిగి ఇచ్చేస్తామని 1977లో సంతకం పెట్టారు. అమెరికాలో అది జనానికి ఎంతమాత్రం నచ్చని పని. సెనేట్‌లో 67 ఓట్లు కావాలి, 68 వచ్చాయి. దాన్ని బలపరిచిన సెనేటర్లు కొందరు తర్వాతి ఎన్నికల్లో పదవులు పోగొట్టుకున్నారు. 1979లో వైట్‌హౌస్ పైకప్పు మీద 32 సౌర ఫలకాలు పెట్టించారు. తర్వాతి ప్రభుత్వ కాలంలో వాటిని దించేశారు. ధరలు అదుపు తప్పినప్పుడు పాల్ వోల్కర్‌ను కేంద్ర బ్యాంకుకు అధిపతిని చేశారు. ఆయన వడ్డీరేట్లు పెంచుకుంటూ పోయారు. ఆ చేదుమందు పనిచేసింది కానీ రోగం తగ్గేనాటికి కార్టర్ పదవిలో లేరు.

అమెరికా అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్ దగ్గర కాస్త ఆగుతాను. 1978 సెప్టెంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌నూ, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌నూ కొండల మధ్య ఆ విడిదికి పిలిచి 13 రోజులు ఉంచారు. మూడో రోజుకే ఇద్దరికీ మాట పడలేదు. ఎదురెదురుగా కూర్చుంటే పని చెడుతుందని, కార్టరే కాగితాలు పట్టుకుని ఈ కుటీరానికీ ఆ కుటీరానికీ తిరిగారు. రాసి, దిద్ది, మళ్లీ రాసి ఇరవైకి పైగా ముసాయిదాలు తయారుచేశారు. చివరిరోజు బెగిన్ ఇక కుదరదని సామాను సర్దుకోబోయారు. ముగ్గురి ఫొటో మీద సంతకం చేసివ్వమని బెగిన్ అంతకుముందే అడిగి ఉన్నారు, మనవల కోసం. కార్టర్ ఆ మనవళ్లు, మనవరాళ్ల పేర్లు కనుక్కుని, ఒక్కొక్క ఫొటో మీద ఒక్కొక్క పేరు రాసి, సంతకం చేసి, స్వయంగా బెగిన్ కుటీరానికి తీసుకెళ్లి ఇచ్చారు. బెగిన్ ఆ పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత మాటలు మళ్లీ మొదలయ్యాయి. పాలస్తీనీయుల గోడు ఆ ఒప్పందంలో తీరలేదు, ఆ పుండు ఇంకా రగులుతూనే ఉంది. కానీ ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య 1979 తర్వాత మళ్లీ యుద్ధం రాలేదు.

మన దేశానికి వచ్చిన సంగతి చెబుతాను. 1977 డిసెంబర్ 31 రాత్రి ఆయన టెహ్రాన్‌లో ఇరాన్ రాజు షా ఇచ్చిన విందులో ఉన్నారు. షా పాలనలో ఇరాన్ స్థిరత్వానికి నెలవని పొగిడారు. మానవ హక్కులే తన విదేశాంగ విధానమని చెప్పిన మనిషి, రహస్య పోలీసులతో జనాన్ని అణచిన రాజు పక్కన కూర్చుని ఆ మాట అనడం పెద్ద తప్పు. ఆయన్ను ఎంత ఇష్టపడినా దీన్ని నేను దాచను. మర్నాడే ఢిల్లీలో దిగారు. ఎమర్జెన్సీ చీకటి తొలగి ఏడాది కూడా కాలేదు, మొరార్జీ దేశాయ్ ప్రధాని. పార్లమెంటులో మన ప్రజాస్వామ్యాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. అదే పర్యటనలో, తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి ఇంధనం విషయంలో దేశాయ్‌కి కటువుగా ఉత్తరం రాయాలని తన మంత్రితో గుసగుసగా అన్న మాట మైకులో పడి లోకమంతా విన్నది. మన పత్రికలు భగ్గుమన్నాయి.

జనవరి 3న హర్యానాలో గుర్గావ్ దగ్గర దౌలతాపూర్ నసీరాబాద్ అనే పల్లెకు వెళ్లారు. రోజలిన్ కూడా వెంట ఉన్నారు. ఊళ్లో ఇళ్లు చూశారు, జనంతో కూర్చున్నారు. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు తమ ఊరి పేరును కార్టర్‌పురి అని మార్చుకున్నారు. 2002లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆ ఊళ్లో పండగ చేసుకున్నారు.

1979 నవంబర్ 4న టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. 1980 ఏప్రిల్‌లో విడిపించడానికి పంపిన దళం ఎడారిలోనే దెబ్బతింది, ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. బాధ్యత నాదేనని కార్టర్ టీవీలో చెప్పారు. టెహ్రాన్ మీద బాంబులు వేసి ఉంటే ఎన్నికల్లో గెలిచేవారేమో, బందీలు మాత్రం బతికేవారు కాదు. ఆ నవంబరులో, అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లు 49 మాత్రమే వచ్చి ఓడిపోయారు, ప్రత్యర్థి రీగన్‌కు 489 వచ్చాయి. 1981 జనవరి 20న రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకే బందీల విమానం కదిలింది. అందరూ ప్రాణాలతో వచ్చారు. మర్నాడు కార్టర్ జర్మనీ వెళ్లి వాళ్లను కలిశారు. అందరూ ఆయన్ను ఆనందంగా చూడలేదు. కొందరి కళ్లలో కోపం ఉంది. అయినా వెళ్లారు.

56 ఏళ్లకు పదవి పోయింది. ఊరికి పోతే వేరుశనగ వ్యాపారం అప్పుల్లో కూరుకుపోయి ఉంది. అధ్యక్షుడైన వాళ్లు కంపెనీ బోర్డుల్లో చేరి, ఉపన్యాసాలకు పెద్ద మొత్తాలు తీసుకోవడం అక్కడ మామూలు. ఆయన అటు పోలేదు. 1961లో కట్టుకున్న మామూలు ఇంట్లోనే చివరిదాకా ఉన్నారు. 1982లో భార్యతో కలిసి అట్లాంటాలో కార్టర్ సెంటర్ పెట్టారు. 1986లో నారి కురుపు మీద పడ్డారు. అప్పటికి ఆఫ్రికా, ఆసియాల్లో 21 దేశాల్లో ఏటా సుమారు 35 లక్షల మంది దీనితో బాధపడుతున్నారు. చూశారా, ఈ 35 లక్షల మందిలో అమెరికాలో ఓటున్నవాళ్లు ఎవరూ లేరు. వాళ్ల సొంత దేశాల రాజధానుల్లోనే వాళ్లను పట్టించుకునే దిక్కు లేదు.

1988లో ఘనాలో డెన్‌చిరా అనే పల్లెకు వెళ్లారు. ఊరి మధ్య చెట్టుకింద రోగులను కూర్చోబెట్టారు. వాళ్లలో ఒక పడుచు, చేతిలో పసిబిడ్డను పొదువుకుని ఉన్నట్టు కనిపించింది. పలకరిద్దామని కార్టర్ దగ్గరికి వెళ్లారు. ఆమె చేతిలో బిడ్డ లేదు. వాచిపోయిన తన రొమ్మునే రెండు చేతులా పట్టుకుని ఉంది. చనుమొన దగ్గర నుంచి నారిపురుగు బయటికి వస్తోంది. ఈ దృశ్యం గురించి ఆయన తర్వాతి ముప్పై ఏళ్లలో ఎన్నోసార్లు చెప్పారు. మా నాయనమ్మ కాలు చూసినవాణ్ని కాబట్టి, ఆ చెట్టుకింద ఆయనకు ఏమనిపించి ఉంటుందో నాకు కొంత తెలుసు.

చేసిన పని చూస్తే చాలా చిన్నది. నీళ్లు వడగట్టుకోవడానికి సన్నని నేత గుడ్డ. పశువుల వెంట తిరిగేవాళ్లు మెడలో వేలాడేసుకుని చెరువులో నేరుగా పెట్టి పీల్చుకోవడానికి వడపోత ఉన్న చిన్న గొట్టం. చెరువులో చల్లే మందు. కాలికి పురుగు ఉన్నవాళ్లు చెరువులో దిగకుండా ఊరివాళ్లే చూసుకోవడం. వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. ఖరీదైనది ఓపిక. ప్రతి ఊళ్లో ఒక మనిషి ప్రతి కేసునూ లెక్క రాయాలి. ఆ లెక్క రాజధానికి చేరాలి. మంత్రులు మర్చిపోతే కార్టర్ స్వయంగా వెళ్లి అధ్యక్షుల గదుల్లో కూర్చుని గుర్తుచేసేవారు. సూడాన్‌లో అంతర్యుద్ధం వల్ల కార్యకర్తలు ఊళ్లకు పోలేకపోతుంటే, 1995లో రెండు పక్షాలనూ ఒప్పించి కాల్పుల విరమణ తెచ్చారు. అది దాదాపు ఆరు నెలలు నడిచింది. నీళ్లు వడగట్టే గుడ్డలు పంచడానికి యుద్ధం ఆగిందంటే మా నాయనమ్మ నమ్మేది కాదు.

ఘనాలో 2010 తర్వాత ఒక్క కేసు లేదు. 2023లో ప్రపంచం మొత్తం మీద 14 మందికి వచ్చింది. ఇప్పుడు చాద్ లాంటి చోట్ల ఈ పురుగు కుక్కల్లో చేరి మొండికేస్తోంది. అందుకే ఆఖరి అడుగు ఇంత ఆలస్యమవుతోంది.

పేదలకు ఇళ్లు కట్టే పనిలోనూ ఆయన చేయి ఉంది. 1984 నుంచి ఏటా ఒక వారం సుత్తి పట్టుకుని వెళ్లేవారు. 2006లో లోనావాలా దగ్గర వంద ఇళ్లు కట్టారు. 2019 అక్టోబరులో, 95 ఏళ్ల వయసులో, ఇంట్లో పడి కంటి పైన 14 కుట్లు పడ్డాయి. మర్నాడు అదే కమిలిన కంటితో నాష్‌విల్‌లో ఇళ్ల పనికి వెళ్లారు. 2015లో కాలేయానికీ మెదడుకూ కేన్సరు పాకిందని తెలిసినప్పుడు విలేకరులను తానే పిలిచి చెప్పారు. ఇంకేం కోరుకుంటున్నారని అడిగితే, తాను పోయేలోపు ఆఖరి నారిపురుగు పోవాలని ఉందన్నారు. చికిత్స ఫలించి ఇంకో తొమ్మిదేళ్లు బతికారు.

2023 నవంబరులో రోజలిన్ వెళ్లిపోయారు. మానసిక రోగుల కోసం ఆమె చేసిన పని ఇంకో ప్రసంగానికి సరిపోతుంది. 2024 డిసెంబర్ 29న, నూరేళ్లు నిండిన కార్టర్ తమ ఊళ్లో, తమ ఇంట్లో కన్నుమూశారు. ఆఖరి పురుగు ఇంకా మిగిలే ఉంది.

జనవరి 4న ఆయన పార్థివదేహాన్ని తీసుకెళ్తున్న వాహనాలు ఆర్చరీలో చిన్ననాటి ఇంటి ముందు ఆగాయి. ఇప్పుడు జాతీయ పార్కుగా ఉన్న ఆ పొలంలో ఒక పాత గంట ఉంది. ఆయన చిన్నతనంలో తెల్లవారకముందే ఆ గంట మోగితే కూలీలు నిద్రలేచేవారు. పార్కు సిబ్బంది వరసగా నిలబడి ఉండగా దాన్ని 39 సార్లు మోగించారు. తర్వాత వాహనాలు వేరుశనగ చేల మీదుగా అట్లాంటా దారి పట్టాయి.